ఆ ఆర్గన్ గాలి ఆపింది నేనే

మొదటి పెట్టె మూత ఊడదీయగానే వచ్చిన కంపుకు నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎలుకల ఉచ్చ, పావురాల రెట్ట, తడిసి ఎండి మళ్లీ తడిసిన చెక్క, వీటన్నిటి మీద పాడైన తోలు వాసన. పక్కనున్న వడ్రంగి అన్న జేబురుమాలు ముక్కుకు కట్టుకుని లోపలికి వంగాడు. ఒక పొడుగాటి సీసపు గొట్టాన్ని పైకి తీసి ఊపాడు. లోపల ఏదో గలగలమంది. నేల మీద బోర్లించాడు. ఎండి చెక్కలా అయిపోయిన పావురం జారి పడింది. దాని కళ్లున్న చోట తెల్లటి పొడి ఉంది.

నేను బయటికి పరుగెత్తి కక్కుకున్నాను. పైప్ ఆర్గన్ అనే వాద్యంతో నా పరిచయం అలా మొదలైంది.

అప్పటికి నేను బహ్రెయిన్ వచ్చి తొమ్మిదేళ్లు. మాది జగిత్యాల వైపు పల్లె. ఇంటర్ తప్పాక రేకు పని నేర్చుకుని, ఏసీ గాలి పోయే రేకు డక్టులు బిగించే పని మీద వచ్చాను. అస్కర్‌లో క్యాంపు. పొద్దున బస్సు నువైద్రాత్ దాటి మామీర్ పక్కనుంచి పోతుంటే, కిటికీలు మూసినా ఫ్యాక్టరీల వాసన లోపలికి వచ్చేది. నా ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయిందనుకునేవాణ్ణి. అదేమీ లేదని ఆ పెట్టె తెరిచాక తెలిసింది.

పెళ్లిళ్లు, విందులు జరిగే హాలు అది. కొత్తగా కట్టారు. యజమాని చిన్నతనంలో ఇంగ్లండులో చదువుకున్నాడట. అక్కడ మూతబడిన ఒక చర్చిలోని ఆర్గన్‌ను కొని, ముక్కలుగా విప్పించి, ఓడలో తెప్పించాడు. వేదిక వెనక గోడంతా అది నిలబడాలి. దాన్ని బిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. ఆయనకు సాయంగా మా కంపెనీ ఇద్దర్ని పంపింది. గాలి గొట్టాల పని ఉంది కాబట్టి నన్ను, చెక్క పని ఉంది కాబట్టి శ్రీకాకుళం అన్నను.

అన్న నాకంటే పదేళ్లు పెద్ద. ఎండలో వంకాయ రంగుకు తిరిగిన మనిషి. దేనికీ అసహ్యపడడు. పావురాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ పెట్టెలోకి చేయి పెట్టాడు.

"గిదంతా మనమే కడగాల్నా అన్నా?" అని అడిగాను.

"మరెవుడు కడుగుతాడు? పావురం వొచ్చి కడుగుతాదేటి?" అన్నాడు.

కడిగాం. పదకొండు రోజులు. గొట్టాలు వేల సంఖ్యలో ఉన్నాయి. నిలువెత్తు మనిషి దూరిపోయేంత చెక్క గొట్టాల దగ్గర్నుంచి పెన్సిలంత సీసపు గొట్టాల దాకా. ఒక్కొక్క దాంట్లోంచి గబ్బిలాల పెంట, ఈగల గుట్టలు, ఎవరో నమిలి దాచిన చూయింగ్ గమ్, కొవ్వొత్తుల మసి వచ్చేవి. దేవుడి ముందు పాడే వాద్యం లోపల ఇంత చెత్త ఉంటుందా అని రోతపుట్టింది. భోజనం డబ్బా మూత తీస్తే చారులో కూడా అదే వాసన.

ముసలాయన నాకు ఇంకా రోత. తెల్లవాళ్లు శుభ్రంగా ఉంటారని ఊళ్లో ఉన్నప్పటి నుంచీ మనసులో ఉండేది. ఈయన రోజూ అదే గళ్ల చొక్కా వేసుకొచ్చేవాడు. చంకల దగ్గర ఉప్పు గీతలు. ముక్కు చీదిన గుడ్డతోనే గొట్టం తుడిచేవాడు. మేం ఇంకా కడగని గొట్టాన్ని తీసి, అడుగున నోరు పెట్టి ఊదేవాడు. దాని గొంతు ఎలా ఉందో వినాలట. ఊదాక పెదాల మీద అంటిన నల్లటి మసిని నాలుకతో నాకేవాడు. నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

అన్నిటికన్నా దారుణం బంక. గాలి నిల్వ ఉండే పెద్ద తిత్తులకు గొర్రెతోలు అతికించాలి. దానికి చర్మాలు, గిట్టలు ఉడికించి తీసిన బంకే వాడాలని ఆయన పట్టు. పలకలుగా తెచ్చుకున్నదాన్ని నీళ్లలో నానబెట్టి, హాలు వంటగదిలో చిన్న స్టవ్ మీద కాచేవాడు. చచ్చిన గొడ్డును మూడో రోజు ఎండలో చూసినట్టుండేది ఆ వాసన. వేలు ముంచి, చిక్కదనం చూడ్డానికి రెండు వేళ్ల మధ్య సాగదీసి, అదే చేత్తో ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకుని తినేవాడు.

"డబ్బాల దొరికే గమ్ము పెట్టొచ్చు కద సార్," అని నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒకసారి అడిగాను.

ఆయన ఇంగ్లీషు నాకు సగమే తెలిసేది. మిగతా సగం చేతులతో చెప్పేవాడు. "ఆ గమ్ము పెడితే యాభై ఏళ్ల తర్వాత తోలు మార్చాలనుకున్నవాడు చెక్కను చీల్చుకోవాలి. ఇదైతే వేడినీళ్లు తగిలితే ఊడుతుంది. తర్వాత వచ్చేవాడి గురించి కూడా ఆలోచించాలి," అన్నాడు.

యాభై ఏళ్ల మాట విని నాకు నవ్వొచ్చింది. ఈ దేశంలో నా వీసాకే రెండేళ్లు గడువు.

కానీ పని మాత్రం నా చేతికి తెలిసిన పనే. ఒక గదిలో పెద్ద ఫ్యాను, అక్కడి నుంచి గాలి తిత్తుల్లోకి, తిత్తుల నుంచి పెట్టెల్లోకి, పెట్టెల మీద నిలబెట్టిన గొట్టాల్లోకి. హార్మనీకి ఉన్నట్టే వేలితో నొక్కే మెట్లుంటాయి; ఒక మెట్టు నొక్కితే దాని కింద మూత తెరుచుకుని ఆ గొట్టం మాత్రం మోగుతుంది. ఎక్కడ లీకైనా గొంతు వణుకుతుంది. నేను అగరొత్తి వెలిగించి అతుకుల వెంట నడిపేవాణ్ణి. పొగ పక్కకు వంగిన చోట లీకు. ముసలాయన అది చూసి ఆగిపోయాడు. నా చేతిలోంచి అగరొత్తి తీసుకుని, వాసన చూసి, తన జేబులో పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఒక ప్యాకెట్ కొనితెచ్చి తనే వెలిగించడం మొదలుపెట్టాడు. బంక కంపు మీద మల్లె అగరొత్తి వాసన కలిస్తే అది మరో రకం నరకం.

వాద్యంలో నాలుగో వంతు గొట్టాలను ఒక చెక్కగదిలో పెట్టి మూసేశాం. ఆ గదికి ముందువైపు గోడ ఉండదు. నిలువు పలకలుంటాయి. వాయించేవాడు కాలితో నొక్కితే తలుపుల్లా తెరుచుకుంటాయి, వదిలితే మూసుకుంటాయి. మా డక్టుల్లో గాలి తగ్గించడానికి పెట్టే డాంపర్లలాంటివే. అవి గాలిని కాదు, చప్పుడును తగ్గిస్తాయని తెలిసి నేను కాసేపు వాటినే తెరుస్తూ మూస్తూ నిలబడ్డాను. గొట్టం ఒకే బలంతో మోగుతుంది, గట్టిగా నెమ్మదిగా అని దానికి తెలియదు. ఈ పలకలు ఉంటేనే దానికి ఊపిరి పీల్చి వదిలే గుణం వస్తుంది. గది మొత్తం నిండా ఆర్కెస్ట్రా ఉందనీ, తలుపు సందులోంచి అది ముందుకొస్తోందనీ అనిపిస్తుంది.

మొదటిసారి గొట్టాల వరసలన్నీ మోగించింది ఒకరోజు భోజనాల వేళ. ముసలాయన వాయించే బల్ల ముందు కూర్చుని, ఫ్యాను వేయమని నాకు కేక వేశాడు. ఆ బల్ల దగ్గర బిగించాల్సిన స్విచ్ ఇంగ్లండు నుంచి చివరిదాకా రాలేదు. అందుకని ఫ్యాను వేయడం, ఆపడం వెనకనున్న నా పని. ఆయన ఒక గుబ్బ లాగి మెట్ల మీద వేళ్లు పెట్టాడు. లోపలి నుంచి క్లారినెట్ వచ్చింది.

మా ఊళ్లో పెళ్లిళ్లకు వచ్చే బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే మనిషి బుగ్గలు నాకు గుర్తొచ్చాయి. అదే గొంతు. కాస్త ముక్కులోంచి, కాస్త ఏడుపులోంచి. ఇంకో గుబ్బ లాగితే పిల్లనగ్రోవి. ఇంకోటి లాగితే బాకా. బాకా గొట్టాలకు నేను వేరే డక్టు వేశాను, మిగతా వాటికన్నా రెట్టింపు జోరు గాలి. అవి మోగితే హాలు కిటికీ అద్దాలు గలగలలాడాయి.

"ఇదీ హార్మనీపెట్టే తమ్ముడూ," అన్నాడు అన్న, పలకల మధ్య నుంచి తల బయటపెట్టి. "మా పెదనాన్న నాటకాలకి హార్మనీ వోయించేవోడు. దానికి ఎడంచేత్తో గాలి కొట్టుకోవాలి. దీనికి కరెంటు కొడతాది. అంతే తేడా. కాకపోతే ఇది మనిసిని మింగీసేలా ఉంది."

ఒక వరస మాత్రం తప్పుగా మోగింది. నిజానికి అవి రెండు వరసలు. రెండూ ఫిడేలు గొంతుతో ఉంటాయి, కానీ రెండోది మొదటిదానికంటే వెంట్రుకంత ఎక్కువ శ్రుతిలో ఉంది. రెండూ కలిస్తే స్వరం నీళ్ల మీద వెలుగులా అలలాడింది. మా ఫోర్‌మన్ వచ్చి విని, హిందీలో, "ఇది ఖరాబ్ ఉంది, ఓనర్ వచ్చేలోపు సరిచేయించండి," అన్నాడు. ఆ మాట చేరవేస్తే ముసలాయన నవ్వలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టి ఒక వరస వాయించాడు. తర్వాత రెండూ కలిపి వాయించాడు.

"ఒక్క ఫిడేలు ఒక్కలాగే ఉంటుంది," అన్నాడు. "నలభై మంది కూర్చుని వాయిస్తే ఏ ఇద్దరిదీ ఒక్కటిగా ఉండదు. ఆ తేడా వల్లే అది గుంపులా వినిపిస్తుంది. దీన్ని సరిచేస్తే చచ్చిపోతుంది."

ఆయన నోట్లోంచి గుడ్ల వాసన వస్తోంది. నేను కొంచెం వెనక్కి జరిగి విన్నాను.

ఆ మధ్యాహ్నం నుంచి భోజనాల వేళ మా ఇద్దరి కోసం వాయించడం ఆయనకు అలవాటైంది. నిజం చెప్పాలంటే అందులో చాలా భాగం నాకు నచ్చలేదు. పాకం ఎక్కువైన మిఠాయిలా చేతికి, మూతికి అంటుకునే రాగాలు. వాటి తర్వాత ఎవరో రాజు గుర్రమెక్కి వస్తున్నట్టు పెద్ద పెద్ద మార్చింగ్ పాటలు. ఆ డాంబికానికి ఒళ్లు మండేది. కానీ ఒక పాట ఉండేది. అది దాదాపు ఏమీ వినిపించనంత మెల్లగా, ఆ అలలాడే ఫిడేళ్లతో మొదలవుతుంది. పైన క్లారినెట్ ఒంటరిగా పోతుంటుంది. పలకలు కొద్దికొద్దిగా తెరుచుకుంటాయి. ఒక్కో మేళం వచ్చి చేరుతుంది, ఎక్కడ చేరిందో పట్టుకోలేం. చివరికి హాలంతా నిండిపోయి, మన పక్కటెముకలు కూడా దాని గొట్టాలే అన్నట్టు లోపల అదురుతుంది. రోజూ తినగానే వెలిగించే చుట్టను, ఆ పాట అయ్యాక అన్న చాలాసేపు వెలిగించుకోలేదు.

ఒకరోజు ముసలాయన తన తాత గురించి చెప్పాడు. తాత బట్టల మిల్లులో పనిచేసేవాడట. చెవుల్లో ఎప్పుడూ మగ్గాల హోరే. ఆ ఊరికి ఆర్కెస్ట్రా వచ్చేది కాదు, పిలిపించే స్తోమత ఎవరికీ లేదు. అందుకని టౌన్‌హాల్లో ఇలాంటి ఆర్గన్ కట్టారు. శనివారం సాయంత్రం మిల్లువాళ్లంతా వచ్చి కూర్చుంటే, ఒక్క మనిషి రెండు చేతులు, రెండు కాళ్లతో ఆర్కెస్ట్రా మొత్తాన్ని వాయించి వినిపించేవాడు. పెద్ద నగరాల్లో పెద్దవాళ్లు వినేదే వాళ్లూ విన్నారు. "మా తాతకు ఇదే ఆర్కెస్ట్రా. ఇంకోటి చూడకుండానే పోయాడు," అన్నాడు.

"కూలోళ్ల కోసం కట్టినార్రా ఇలాటివి," అన్నాడు అన్న నాతో, ఏదో ఆస్తి దొరికినట్టు.

హాలు ప్రారంభం రోజు వచ్చింది. సాయంత్రం విందు. అప్పటికి ఒక తిత్తి మూల తోలు లేస్తోంది, ఒక పలక ఇరుక్కుంటోంది. ఇంకో వారం ఇవ్వమని ముసలాయన అడిగాడు, ఇవ్వలేదు. అందుకని వాయించేంతసేపూ మేమిద్దరం లోపల ఉండాలన్నారు. తిత్తి దగ్గర టేపుతో నేను, పలకల దగ్గర అన్న.

హాలు మేనేజర్ మమ్మల్ని వెనక గుమ్మం దగ్గర నిలబెట్టాడు. మేం స్నానం చేసి, ఉతికిన నారింజరంగు డ్యూటీ బట్టలు వేసుకున్నాం. అయినా అతను ముక్కు ముడిచి, జేబులోంచి సెంటు సీసా తీసి, ఈగలకు మందు కొట్టినట్టు మా మెడల మీద, చంకల మీద కొట్టాడు. గెస్టులకు వాసన రాకూడదన్నాడు. అతని చిటికెన వేలి గోరు పొడుగ్గా పెంచి ఉంది. అది నా చెంపకు తగిలింది. ఇప్పటికీ ఆ సెంటు ఎక్కడైనా తగిలితే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాను.

లోపల ఉక్క. గొట్టాల మధ్య మనిషి నిలబడడానికి ఎంత చోటుండాలో అంతే చోటు. ముసలాయన ఆ రోజు నల్లకోటు వేసుకున్నాడు, తల దువ్వుకున్నాడు. ఆ పాటే మొదలుపెట్టాడు. గొట్టాల పక్కనే నిలబడి వింటే అది సంగీతంలా ఉండదు. గాలి బుసలు, మూతల టకటకలు, చెక్క మూలుగు. పలకలు మెల్లగా తెరుచుకున్నాయి. వాటి సందుల్లోంచి హాలు కనిపించింది.

ఒక్కరూ వినడం లేదు. బల్లల మీద వండిన గొర్రెలు మొత్తంగా పడుకోబెట్టి ఉన్నాయి. మూతులు నూనెతో మెరుస్తున్నాయి. ఒకడు ఎముక నోట్లో పెట్టుకుని గుజ్జు జుర్రుతూనే ఆర్గన్ వైపు వీపు పెట్టి సెల్ఫీ దిగుతున్నాడు. సూట్లు వేసుకున్న తెల్లవాళ్లు ఉన్నారు, మనవాళ్లు ఉన్నారు, మన ఇంజనీర్లు వాళ్ల భార్యలతో. చప్పుడు పెరిగేకొద్దీ దాన్ని మించి అరుచుకుంటున్నారు. తెలుగులో ఒకావిడ గొంతు స్పష్టంగా వినిపించింది: "అబ్బ, ఈ మోత ఎప్పుడాపుతారండీ, తలనొప్పొస్తోంది." అప్పుడు కలిగిన జుగుప్స ముందు పావురం, బంక, గబ్బిలాల పెంట ఏమీ కావనిపించింది.

పాట పైకి ఎక్కుతోంది. పలకలు పూర్తిగా తెరుచుకున్నాయి. అప్పుడు వెనక తలుపు తీసుకుని మేనేజర్ వచ్చాడు.

"ఖలాస్. బంద్ కర్," అన్నాడు.

నాకు అర్థం కానట్టు చూశాను. యజమాని కేకు కోయాలట, ముసలాయనకు రెండుసార్లు చేయి ఊపినా ఆపడం లేదట. "ఇంకా రెండు నిమిషాల్లో అయిపోతది భాయ్," అన్నాను హిందీలో. నిజంగానే రెండు నిమిషాలే ఉంది. నాకు ఆ పాట తెలుసు.

"స్విచ్ ఆపుతావా, నీ కంపెనీకి ఫోన్ చేయాలా?" అన్నాడు.

పలకల దగ్గర నుంచి అన్న నా వైపు చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. స్విచ్ నా కుడిచేతి పక్కన, జానెడు దూరంలో ఉంది. మేనేజర్ చేయి చాపినా అందుతుంది. కానీ అతను చాపలేదు. గొట్టాల మధ్య దుమ్ములో చేయి పెట్టడం అతనికి ఇష్టం లేదు. నేనే ఆపాను.

ఫ్యాను ఆగినా చప్పుడు ఒక్కసారిగా ఆగదు. తిత్తుల్లో మిగిలిన గాలి అయ్యేదాకా మోగుతుంది. మొదట పెద్ద గొట్టాల గొంతు కిందికి జారింది. బాకాలు కక్కుకుంటున్నట్టు బొబ్బలు పెట్టి ఆగాయి. మిగతావి శ్రుతి తప్పి, సాగి, మూలిగాయి. గొంతు సగం తెగిన మేక అరుపు మీరు విన్నారో లేదో. చివర్లో ఒక చిన్న గొట్టం మాత్రం చాలాసేపు కీచుమంది. ముసలాయన అంతసేపూ మెట్ల మీద నుంచి వేళ్లు తీయలేదు. చివరి గాలి పోయేదాకా నొక్కే ఉంచాడు.

హాల్లో ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. స్పీకర్లలో డాన్సు పాట మొదలైంది.

మర్నాడు ముసలాయన సామాను సర్దుకోవడానికి వచ్చాడు. ఉండాల్సిన వారం ఉండనన్నాడు. తన సుత్తులు, శ్రుతి చేసే కత్తులు ఒక్కొక్కటే గుడ్డలో చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు. "కరెంటు పోయిందా?"

"లేదు సార్. మేనేజర్ బంద్ చేయించిండు," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎవరితో చేయించాడని అడగలేదు. నేను చెప్పలేదు. నా చేతిలో అగరొత్తుల ప్యాకెట్ పెట్టి, ఎడమ తిత్తి మూల చూస్తూ ఉండమని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సులో అన్న పక్కన కూర్చున్నాను. నేనే అన్నాను. "నేనేం జేద్దునే అన్నా? వాడు ఫోన్ జేస్తనన్నడు. ఇంటికి తోలితే?"

"ఏటీ సెయ్యకుండా ఉండాల్సింది," అన్నాడు. "ఆడే ఆపుకునేవోడు. ఆడి సేతికి దుమ్మంటేది. అంతకన్నా ఏటీ అవ్వదు."

"నువ్వయితే ఆపకపోదువా?"

"నాకు తెల్దు తమ్ముడూ. నా పక్కన స్విచ్ లేదు." మళ్లీ తనే అన్నాడు. "కానీ ముసలాయనకి మేనేజర్ సేయించాడని సెప్పినావు సూడు, అది బాగులేదు."

తర్వాత సంగతి ఎలాగూ చెప్పాలి. విందులు లేని రోజుల్లో హాలు ఏసీ ఆపేసేవాళ్లు. ఆ ఎండాకాలం లోపలి వేడికి తోలు అప్పడంలా ఎండింది, చెక్కపెట్టెలు పగిలాయి. ఒకరోజు ఎవరిదో నిశ్చితార్థంలో ఎవరూ ముట్టకుండానే ఒక గొట్టం తనంతట తనే మోగడం మొదలుపెట్టి ఆగలేదట. యజమాని ఎలక్ట్రానిక్ కీబోర్డు, స్పీకర్లు తెప్పించాడు. గోడ ముందువైపు కనిపించే గొట్టాలకు బంగారు రంగు వేసి ఉంచి, లోపలిదంతా పీకేయమన్నాడు. స్పీకర్లకు చోటు కావాలి.

ఆ పనికి కూడా మమ్మల్నే పంపారు, ఆ వాద్యం సంగతి మాకు తెలుసు కాబట్టి. అన్న ఒంట్లో బాగులేదని ఆ రోజు డ్యూటీకి రాలేదు. ముందురోజు సాయంత్రం పచ్చడి నూరుకుంటూ బాగానే ఉన్నాడు. నేను పోయాను. ఇద్దరు బంగ్లాదేశీలను తోడిచ్చారు. సీసపు గొట్టాలు మెత్తగా ఉంటాయి, కాలితో తొక్కితే మడతపడతాయి. పికప్ బండిలో ఎక్కువ పట్టాలని ఫోర్‌మన్ తొక్కించాడు. నేనూ తొక్కాను. తిత్తుల తోలు మాత్రం ఊడలేదు. వేడినీళ్లకు ఊడుతుందని నాకు తెలుసు, చెప్పలేదు. ఎవరు నీళ్లు కాస్తారు? కత్తితో కోసి, గునపంతో చెక్కను చీల్చాం. సాయంత్రానికి అదంతా సిత్రాలో పాత ఇనుము కొనేచోటుకు పోయింది. నా బూట్ల అడుగున సీసం పొరలా అంటుకుని ఉంది. రూముకు వచ్చాక బూట్లు బయట పారేశాను. తోటివాళ్లు పిచ్చోడన్నట్టు చూశారు.

రెండు వారాలు సరిగా తిండి సహించలేదు. చివరికి ముసలాయన నంబరుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఇంగ్లీషు తప్పులు లేకుండా క్యాంపులో చదువుకున్న ఒకతనితో రాయించుకున్నాను. ఆ రోజు ఫ్యాను ఆపింది నేనే, మేనేజర్ చెప్పాడు కానీ చేయి నాది, మీరు అడిగినప్పుడు సగమే చెప్పాను, క్షమించండి, అంతే.

రెండు రోజులకు జవాబొచ్చింది. "నాకు ఆ సాయంత్రమే తెలుసు. పలకలు తెరిచి ఉన్నాయి, స్విచ్ వైపు నీ నారింజరంగు చొక్కా కదలడం చూశాను. నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఉంది. అయినా నువ్వు చెప్పావు, మంచిది. వాద్యం ఎలా ఉంది? ఎడమ తిత్తి ఆగిందా?"

బాగానే ఉంది అని రాస్తే అయిపోయేది. ఆయన మళ్లీ ఈ దేశం రాడు. అలా రాయడానికి వేలు పోయింది కూడా. తర్వాత జరిగింది జరిగినట్టు నా ఇంగ్లీషులోనే టైపు చేశాను. పీకేశారు, తొక్కి బండిలో వేశారు, తొక్కినవాళ్లలో నేనున్నాను. తోలుకు వేడినీళ్లు పోయలేదని కూడా రాశాను. నీలం గీతలు రెండు పడ్డాయి. చదివాడు. మళ్లీ ఏమీ రాయలేదు. అది జరిగి నాలుగేళ్లు దాటింది.

నేను ఇంకా ఇక్కడే ఉన్నాను. అన్న కాంట్రాక్టు ముగించుకుని శ్రీకాకుళం వెళ్లిపోయాడు, అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు, ఆ విషయం ఎత్తడు. నేను మాత్రం క్యాంపులో కొత్తగా వచ్చినవాళ్లకు ఎప్పుడైనా ఈ సంగతి చెబుతుంటాను. ఎవరైనా సరే, మొత్తం విన్నాక ఒక్కటే అంటారు. "నువ్వేం జేస్తవే, నీ తప్పేమున్నది, వాడు చెప్పిండు నువ్వు జేసినవ్." నన్ను ఓదార్చాలనే అంటారు. స్విచ్ ఆపిన చేయి నాదేనని మళ్లీ చెబుతాను. మొన్న ఒకతను అలాగే అన్నాడు. తింటున్న కంచం పక్కన పెట్టి లేచి, చేయి కడుక్కుని, బయటికి వచ్చి నిలబడ్డాను.